కంప్యూటర్ పనివాళ్లు కూడుకుంటే

సికింద్రాబాద్ నుంచి ఉప్పల్ పోయే దారిలో తార్నాక వస్తుంది. అక్కడ దిగితే పక్కనే ఉస్మానియా విశ్వవిద్యాలయం. చదువుకునే పిల్లలు వేలమంది. చుట్టుపక్కల గదులు అద్దెకు తీసుకొని ఉండేవాళ్లు కూడా ఎక్కువే. వాళ్లలో కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం నేర్చుకునేవాళ్లు ఉన్నారు. ఆ పనిమీదే బతికేవాళ్లూ ఉన్నారు.

ప్రోగ్రాం అంటే ఏమిటి? కంప్యూటర్ ఏ పని చేయాలన్నా ముందు ఎవరో ఒకరు వరుసగా ఆదేశాలు రాసి పెట్టాలి. ఆ రాతనే ప్రోగ్రాం అంటారు. రేషన్ దుకాణంలో మనం వేలు పెట్టే మిషన్‌లో ప్రోగ్రాం ఉంది. బస్సులో కండక్టర్ టికెట్ కొట్టే మిషన్‌లోనూ ఉంది.

ఈ పనివాళ్లకు ఒక మంచి అలవాటు ఉంది. సెలవు రోజున ఒకచోట కూడుకుంటారు. కాలేజీలో ఒక గది చాలు. ఒకరు లేచి తాను చేసిన పని చూపిస్తారు. ఎక్కడ చిక్కు పడిందో, ఎట్లా విప్పారో చెబుతారు. మిగతావాళ్లు ప్రశ్నలు వేస్తారు. ఒక్కోసారి గట్టిగా వాదించుకుంటారు కూడా. మామూలుగా డబ్బు తీసుకోరు. మన పొదుపు సంఘం కూర్చున్నట్టే కూర్చుంటారు. కాకపోతే ఇక్కడ జమ చేసేది తెలివి.

తెలిసింది ఊరికే చెబితే వాళ్లకు నష్టం కాదా? ముగ్గు సంగతి చూడండి. మీ వాకిట్లో ముగ్గు చూసి పక్కింటి వదిన నేర్చుకుంటుంది. మీ ముగ్గు ఏమీ తరగదు. ఆమె దానికి ఇంకో పువ్వు చేరుస్తుంది. అది చూసి మళ్లీ మీరు నేర్చుకుంటారు.

ఇది కొత్త సంగతి కాదు. 1975 మార్చిలో అమెరికాలోని కాలిఫోర్నియాలో కొందరు ఒకరి ఇంటి కారు షెడ్డులో కూడారు. ఆ సంఘం పేరు హోంబ్రూ కంప్యూటర్ క్లబ్. స్టీవ్ వోజ్నియాక్ అనే ఆయన తాను తయారుచేసిన కంప్యూటర్‌ను అక్కడివాళ్లకు చూపించాడు. దాని పటాలు గీసి పంచిపెట్టాడు. ఆపిల్ కంపెనీ మొదటి కంప్యూటర్ అదే.

హైదరాబాద్‌లోనూ ఇట్లాంటి సంఘాలు ఉన్నాయి. పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాసేవాళ్లకు ఒక సంఘం ఉంది. దేశంలోని పైథాన్ వాళ్లందరి సమావేశం 2018 అక్టోబరులో ఈ నగరంలోనే జరిగింది. పైథాన్ అంటే కొండచిలువ. కాని ఆ పేరు పామును చూసి పెట్టలేదు. ఇంగ్లండ్ టీవీలో వచ్చిన ఒక నవ్వుల కార్యక్రమం పేరులోంచి తీసుకున్నారు!

అక్కడ ఎట్లాంటి సంగతులు చెప్పుకోవచ్చు? మనకు దగ్గరి సంగతి ఒకటి చూద్దాం. మనం నేర్చుకున్న అక్షరాలు కంప్యూటర్ ఎట్లా రాస్తుంది?

కంప్యూటర్‌కు అక్షరాలు తెలియవు. అంకెలే తెలుసు. అందుకని ప్రపంచంలోని లిపులకు అక్షరానికో నంబరు ఇచ్చారు. ఆ పట్టిక పేరు యూనికోడ్. 1991లో వచ్చిన మొదటి పట్టికలోనే తెలుగు ఉంది. 'అ' నంబరు 3077. 'ఆ' నంబరు 3078. 'క' నంబరు 3093.

మరి ఒత్తులు? ఒత్తులకు వేరే నంబర్లు లేవు. 'అమ్మ' అని రాయాలంటే అ, మ, పొల్లు, మ అని నాలుగు నంబర్లు పోతాయి. మధ్యలో పొల్లును చూసి, రెండో 'మ'ను కిందికి దించి ఒత్తుగా చూపించాలి. ఇది ప్రోగ్రాం చేయాల్సిన పని. మనం పలకమీద దిద్ది దిద్ది నేర్చుకున్నదే దానికీ నేర్పాలి.

సరిగ్గా నేర్పకపోతే ఏమవుతుంది? 2018 ఫిబ్రవరిలో ఆపిల్ కంపెనీ ఐఫోన్లకు 'జ్ఞా' అనే అక్షరం దగ్గర దెబ్బ తగిలింది. జ్ఞానం అనే మాటలో మొదటి అక్షరం అది. మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తుతో కలిసి ఆ అక్షరం మెసేజిలో వస్తే చాలు, మెసేజిల యాప్ ఆగిపోయేది. తిరిగి తెరవబోతే తెరుచుకునేది కాదు. ప్రపంచమంతా దీని గురించి వార్తలు వచ్చాయి. అదే నెలలో కంపెనీ ప్రోగ్రాం సరిచేసి పంపింది. తెలుగు రాసే అలవాటున్నవాళ్లు ఆ పనిలో ఎక్కువమంది ఉంటే ఇట్లాంటి తప్పులు ముందే దొరుకుతాయని నా అభిప్రాయం.

కాని ఈ సభల్లో మాటలు ఎక్కువగా ఇంగ్లీషులోనే సాగుతాయి. తెలుగు మీడియంలో చదివిన పిల్ల వెనక బెంచీలో కూర్చుంటుంది. విషయం తెలుస్తుంది, ప్రశ్న కూడా ఉంటుంది. నోరు మాత్రం రాదు. ఇది నాకు నచ్చని సంగతి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు పెద్ద చదువులు ఉర్దూలో చెప్పారు. ఇంగ్లీషు పుస్తకాలను ఉర్దూలోకి మార్చడానికి ఒక కార్యాలయమే నడిపారు. అప్పుడే ఉర్దూలో సైన్సు చెప్పగలిగితే, ఇప్పుడు తెలుగులో కంప్యూటర్ గురించి ఎందుకు చెప్పుకోలేం? హైదరాబాద్‌లోని స్వేచ్ఛ అనే సంస్థవాళ్లు కంప్యూటర్ తెరమీది మాటలను తెలుగులోకి తేవడానికి చాలా పని చేశారు.

మీ ఇంట్లో పిల్లలు డిగ్రీనో డిప్లొమానో చదువుతుంటే ఈ సంగతి చెప్పండి. దగ్గరలో ఇట్లాంటి సభ ఎక్కడ జరుగుతుందో వాళ్ల సారును అడగమనండి. అడగాలనుకున్న ప్రశ్నను తెలుగులోనే ఒక కాగితం మీద రాసుకొని పొమ్మనండి.