అత్త అనే పిలుపుతో మొదలుపెడితే

వరంగల్‌లో నాలుగేళ్ల పిల్లకు కూడా ఒక లెక్క తెలుసు. నాయన చెల్లె అత్త, మేనమామ భార్య అత్త, రేపు పెళ్లయితే మొగుని తల్లీ అత్తే. కాక పిల్లలు అన్నలు, తమ్ముళ్లు, అక్కలు, చెల్లెండ్లు. మేనమామ పిల్లలు బావలు, వదినలు, మరదళ్లు. ఎవరితో పరాచికాలాడొచ్చో, ఎవరితో ఆడగూడదో ఆ పిలుపులోనే ఉంటుంది. అదే పిల్ల డిగ్రీలో సోషియాలజీ తీసుకుంటే బంధుత్వం పాఠంలో ఈ లెక్కే మేనమామ పిల్లలకు క్రాస్ కజిన్, కాక పిల్లలకు ప్యారలల్ కజిన్ అనే కొత్త పేర్లతో ఎదురొస్తుంది. ఇది మా ఇంటి సంగతే గదా అని గుర్తుపట్టేలోపే నిర్వచనం బట్టీపట్టడం అయిపోతుంది. ఇదే వరంగల్‌లో కాకతీయ విశ్వవిద్యాలయం 1976లో ఏర్పడింది. ఇన్నేళ్ల తర్వాతైనా ఉత్తర తెలంగాణ తరగతి గదిలో ఈ వరస తిరగబడాలి. పిలుపులు ముందు రావాలి, శాస్త్రం పెట్టిన పేర్లు తర్వాత.

ఇది స్థానికాభిమానం కొద్దీ అడిగేది కాదు, ఆ శాస్త్రం పుట్టిందే అట్లా. అమెరికా వకీలు లూయిస్ హెన్రీ మోర్గాన్ తన పక్కనే ఉన్న సెనెకా తెగవాళ్లు తండ్రి సోదరుణ్ని తండ్రనీ, తల్లి సోదరిని తల్లనీ పిలవడం చూసి ఆశ్చర్యపోయాడు. దేశదేశాల నుంచి పిలుపుల పట్టికలు తెప్పించాడు. 1871లో అచ్చయిన ఆయన గ్రంథంలో తమిళం, కన్నడంతో పాటు తెలుగు పిలుపులూ ఉన్నాయి. సెనెకా పిలుపులకూ వీటికీ కనిపించిన పోలికను బట్టి అమెరికా ఆదివాసుల మూలం ఆసియా అని తేల్చేశాడు. ఆ వాదం నిలవలేదు, పిలుపులను పక్కపక్కన పెట్టి చూసే పద్ధతి నిలిచింది. మన ఇళ్ల నుంచి పోయిన సరుకే పరాయి పేరుతో తిరిగొస్తే, దాన్ని సిద్ధాంతమని అప్పజెబుతున్నాం.

ఇంటి దగ్గర మొదలుపెడితే చూపు ఇంటి దగ్గరే ఆగిపోదా అని అడగొచ్చు. ఆగదు, ఎందుకంటే ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ల ఇళ్లు ఒక్కతీరుగా ఉండవు. ఒక పిల్లకు కాక కొడుకు అన్న అయితే, పక్కనున్న ముస్లిం పిల్ల ఇంట్లో చాచా కొడుకుతో సంబంధం కలుపుకోవచ్చు. ములుగు వైపు కోయల్లో పెళ్లి మాట వస్తే ముందు చూసేది గట్టు, అంటే గోత్రంలాంటి గుంపు. ఒకే గట్టువాళ్లు ఎంత దూరపు ఊళ్లవాళ్లైనా అన్నదమ్ముల కిందే లెక్క. ముగ్గురితో తమ ఇంటి నియమాలు కాయితాల మీద రాయించి పక్కపక్కన పెడితే, ఎవరి నియమమూ ప్రకృతి పెట్టింది కాదని అక్కడికక్కడే తేలుతుంది. మనకు సహజం అనిపించేది పక్కింటికి వింత అని తెలియడమే ఆంత్రోపాలజీ మొదటి పాఠం.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం కులం. ఇళ్ల సంగతులు అడిగితే కులం బయటపడుతుంది, ఎవరో ఒకరు తలొంచుకోవాల్సి వస్తుంది. ఈ భయం నిజమైనదే. అందుకే కులం పేరు అడగొద్దు, నోటితో చెప్పించొద్దు. ఎవరు ఎవరిని చేసుకోవచ్చు, ఎవరిని చేసుకోగూడదు అన్న నియమం మాత్రం పేరు లేని కాయితం మీద రాయించాలి. అంబేడ్కర్ వాదాన్ని నడిపించింది కూడా ఆ నియమమే. 1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో, గోల్డెన్‌వైజర్ నడిపిన ఆంత్రోపాలజీ సెమినార్‌లో, పాతికేళ్ల విద్యార్థిగా ఆయన కులం మీద పత్రం చదివాడు. ఒకే గోత్రంలో పెళ్లి కూడదన్న పాత నియమం మీద, తమ గుంపు దాటి పెళ్లి కూడదన్న కొత్త నియమం ఎక్కి కూర్చోవడమే కులమన్నాడు. ఆ కంచె నిలవాలంటే గుంపులో ఆడామగా లెక్క సరిపోవాలి. మొగుడు చచ్చిన ఆడది ఆ లెక్కలో ‘మిగిలిపోతుంది’. సతి, బలవంతపు వైధవ్యం, బాల్య వివాహం అక్కణ్నుంచే వచ్చాయని వాదించాడు. కులాన్ని తరగతి గదిలో దాచిపెడితే ఈ తర్కం విద్యార్థికి అందదు.

ఇక పరీక్ష. గ్రూప్-2 ఉద్యోగ పరీక్షలో సమాజం మీద ప్రశ్నలుంటాయి గనుక నిర్వచనాలే అన్నం పెడతాయనే మాటలో కొంత నిజముంది. పెట్టనీయండి, వాటికి అడ్డు లేదు. కానీ బోర్డు మీద మగవాళ్లకు త్రిభుజం, ఆడవాళ్లకు వృత్తం, పెళ్లికి రెండు అడ్డగీతలు గీసి, మేనరికం చేసుకున్న ఒక ఇంటి మూడు తరాలను వేయమంటే, మేనత్త, అత్తగారు ఒకే వృత్తంలోకి వచ్చే చోట చాక్‌పీస్ కాసేపు ఆగుతుంది.