చెక్క తిరగాలి, లేత్ కదలకూడదు

పది అంగుళాల వెడల్పున్న చెక్క ముక్కను గిన్నెగా తొలవడానికి లేత్ మీద బిగించామనుకుందాం. చెట్టు నుంచి వచ్చిన ముక్క అన్ని వైపులా ఒకే బరువుండదు. ఒక పక్క చేవ, మరో పక్క మెత్తటి చెక్క; ఒక అంచున తడి ఎక్కువ. ఇరుసుకు పది సెంటీమీటర్ల దూరాన ఒకవైపు వంద గ్రాములు ఎక్కువున్నా చాలు. నిమిషానికి 600 చుట్లు తిరిగేటప్పుడు ఆ వంద గ్రాములే దాదాపు 4 కిలోల బరువంత బలంతో లేత్‌ను లాగుతాయి, అదీ సెకనుకు పదిసార్లు చుట్టూ దిక్కు మారుస్తూ. వేగం 1200కి పెంచితే లాగుడు రెట్టింపుతో ఆగదు, 16 కిలోలకు చేరుతుంది. ఈ బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది మరి.

అందుకే, సరదాగా ఈ పని నేర్చుకోవాలనుకునేవారు చిన్న లేత్ కొనేటప్పుడు మోటారు హార్స్‌పవర్ కన్నా ముందు యంత్రం బరువు చూడాలంటాను. ఇనుము పనికి వాడే లేత్‌లో పనిముట్టు యంత్రానికే బిగించి ఉంటుంది. చెక్క లేత్‌లో ఉలి మన చేతిలో ఉంటుంది. యంత్రం అదిరితే ఆ అదురు ఉలి మొనకూ చెక్కకూ మధ్య తేలుతుంది. నున్నగా రావలసిన చోట అలలు పడతాయి, ఒక్కోసారి ఉలి చెక్కలో దిగబడి ముక్క ఎగిరిపోతుంది. పోత ఇనుము బెడ్ ఉన్న యంత్రాన్నే ఎంచుకోండి. అందులోని గ్రాఫైట్ పొరలు అదురును చాలావరకు మింగేస్తాయి, గొట్టాల మీదో రేకు మీదో నిలబెట్టిన బెడ్‌కు ఆ గుణం లేదు. పది అంగుళాల మంచి చిన్న లేత్ ఇంచుమించు 40 కిలోలు తూగుతుంది. దాన్ని దిట్టమైన బల్లకు బోల్టులతో బిగించి, బల్ల కింది అరలో ఇసుక బస్తాలు వేస్తే ఇంకా కుదురుగా ఉంటుంది.

పది అంగుళాలంటే స్వింగ్, అంటే లేత్ మీద పట్టే ముక్క గరిష్ఠ వ్యాసం. మన దగ్గర కొన్ని కేటలాగుల్లో దీనికి బదులు సెంటర్ హైట్ రాస్తారు, అది స్వింగ్‌లో సగం. రెండింటినీ కలగలిపి పోల్చి మోసపోవద్దు. మొదటి ఏడాదికి పది అంగుళాలు ధారాళంగా సరిపోతాయి. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. వాటిలో చాలావరకు చేతిలో ఇమిడే సైజువే. మెత్తటి అంకుడు కర్రను గుండ్రంగా తీసి, అది తిరుగుతుండగానే లక్క కడ్డీని అదిమిపెడతారు. రాపిడి వేడికి లక్క కరిగి చెక్కకు పట్టుకుంటుంది, దాని మీద మొగలి ఆకు ఒత్తితే మెరుపు వస్తుంది. ఆ పనితనానికి పెద్ద యంత్రంతో పనే లేదు.

బరువు తర్వాత చూడాల్సింది వేగం, ముఖ్యంగా అతి తక్కువ వేగం. ముక్క వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని, నిమిషానికి చుట్లతో గుణిస్తే 6000కూ 9000కూ మధ్య రావాలన్నది పనివాళ్ల లెక్క. రెండంగుళాల కడ్డీకి 3000 సరే, పది అంగుళాల గిన్నెకు 600 నుంచి 900 వరకే. ఇంకా గుండ్రం కాని ముక్కకు అంతకన్నా తగ్గాలి. చవక రకాల్లో కొన్ని 700కు దిగువన తిరగనే తిరగవు. వాటిని వదిలేయండి.

నాబ్ తిప్పి వేగం మార్చుకునే మోటారు ఉంటే హాయే, కానీ అది ఒక్కటే చాలదు. అర హార్స్‌పవర్ అంటే దాదాపు 370 వాట్లు. బెల్టును మోటారు వైపు చిన్న పుల్లీకి మార్చి వేగం 3000 నుంచి 600కు దించితే, పది అంగుళాల ముక్క అంచున సుమారు 5 కిలోల బలం దొరుకుతుంది. బెల్టు కదపకుండా నాబ్‌తోనే దించితే మోటారు మెలితిప్పే బలం పెరగదు, వేగంతోపాటు శక్తీ అయిదో వంతుకు పడిపోతుంది. అంచున మిగిలేది కిలోకు కాస్త తక్కువ. ఉలి ఆన్చగానే చెక్క ఆగిపోతుంది. నాబ్‌తోపాటు కనీసం రెండు మూడు మెట్ల పుల్లీ ఉన్న యంత్రం తీసుకోండి.

ఉన్న డబ్బంతా లేత్ మీదే పెట్టకండి. హైస్పీడ్ స్టీల్ ఉలులు మూడు నాలుగు, పదును పెట్టుకోవడానికి గ్రైండర్, ముక్క పట్టే చక్, ముఖానికి షీల్డ్, ధూళికి మాస్క్ ఇవన్నీ కావాలి. పదును లేని ఉలితో ఎంత మంచి లేత్ అయినా దండగే. చేతికి గ్లౌజులు, వదులు చేతుల చొక్కా, మెడలో చున్నీ మాత్రం వద్దే వద్దు.

కొట్లో చూసుకోవాల్సినవి మూడు. తిరిగే ఇరుసును చేత్తో పట్టి పైకీ కిందకీ కుదపండి, ఏమాత్రం లూజు ఉండకూడదు. ఇరుసు వైపున్న హెడ్‌స్టాక్ మొననూ దానికి ఎదురుగా ఉన్న టెయిల్‌స్టాక్ మొననూ దగ్గరకు జరపండి, రెండు మొనలూ సూటిగా ఎదురెదురు కలవాలి. ఇరుసు మర కొలత అడిగి రాసుకోండి. అమెరికా రకాల్లో ఎక్కువగా అంగుళం వ్యాసానికి అంగుళానికి 8 మరలు, యూరప్ రకాల్లో ఎం33 కొలత కనిపిస్తాయి. ఊరూపేరూ లేని కొలత అయితే తర్వాత చక్ దొరకడమే కష్టమవుతుంది.