ఫొటో చూడకుండానే పట్టిచ్చే లెక్క

"తాతా, కంపెనీ అమెరికాలో ఉంటది కదా, పోలీసులు సూరారంలో మన గల్లీ దాకా ఎట్లొస్తరు?" అని మనవరాలు అడిగింది. మంచి ప్రశ్న బిడ్డా, చెప్తా విను.

పిల్లల మీద జరిగిన అఘాయిత్యాల ఫొటోలు పంచుకునే దుర్మార్గులున్నారు. రోజూ వచ్చిపడే కోట్ల ఫొటోలను మనుషులు కూర్చుని చూడలేరు. అందుకే 2009లో మైక్రోసాఫ్ట్ సంస్థ, హనీ ఫరీద్ అనే ప్రొఫెసర్ కలిసి ఫొటోడీఎన్‌ఏ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. అది ఫొటోను నలుపు తెలుపుల్లోకి మార్చి, ఒకే కొలతకు తెచ్చి, గళ్లుగా విడగొడుతుంది. ఒక్కో గడిలో వెలుగు నీడలు ఎట్లా మారుతున్నాయో అంకెల్లో రాసుకుంటుంది. ఆ అంకెల వరుసే హాష్. చుక్కల ముగ్గులో అమ్మ ఏ రంగులు నింపినా, ఎంత పెద్దగా వేసినా అది ఏ ముగ్గో నువ్వు గుర్తుపడతావు చూడు, ఇదీ అంతే. ఫొటో రంగు మార్చినా, సైజు తగ్గించినా అంకెలు దాదాపు అవే వస్తాయి. ఇదివరకే దొరికిన నేరపు ఫొటోల హాష్‌లతో పోల్చి, కంప్యూటర్ పసిగట్టేస్తుంది.

అట్లా దొరికితే, అమెరికా చట్టం ప్రకారం కంపెనీ ఎన్‌సీఎంఈసీ అనే బాలల రక్షణ సంస్థకు తెలపాలి. 2023లో అక్కడికి 3.6 కోట్లకు పైగా నివేదికలు వచ్చాయి. 2019లో మన జాతీయ నేర రికార్డుల బ్యూరో ఆ సంస్థతో ఒప్పందం చేసుకుంది. అప్పటినుంచి మన దేశానికి సంబంధించినవి ఢిల్లీ మీదుగా తెలంగాణ పోలీసులకు అందుతున్నాయి. వాటి ఆధారంగా ఇక్కడ అరెస్టులు కూడా జరిగాయి.

అసలు చిక్కంతా ఇక్కడే. కంపెనీ ఇచ్చేది ఇంటర్నెట్ చిరునామా లాంటి ఐపీ నంబరు, సమయం. మొబైల్ నెట్‌వర్క్‌లో ఒకే ఐపీ నంబరును ఒకేసారి చాలామంది వాడుతుంటారు. అందుకే వాళ్లను విడదీసి చూపే పోర్టు నంబరు కూడా కావాలి. ఇక గడియారం సంగతి. కంపెనీల రికార్డుల్లో సాధారణంగా ప్రపంచ ప్రామాణిక సమయం ఉంటుంది. సూరారంలో రాత్రి 9 గంటలకు జరిగింది ఆ రికార్డులో మధ్యాహ్నం 3:30గా కనిపిస్తుంది. అయిదున్నర గంటలు కలపడం మరిచారో, అదే నంబరు వేరే వేళ వాడిన జీడిమెట్ల కార్మికుడెవరో ఏ పాపం ఎరగకుండా ఇరుక్కుంటాడు. అందుకే కంపెనీ వివరాలు పూర్తిగా, తొందరగా ఇవ్వడమే నిజమైన సహకారం అంటాను. మన 2021 ఐటీ నిబంధనల ప్రకారం దర్యాప్తు సంస్థ రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లోగా సమాచారం ఇవ్వాలి. తొలగించిన వాటి రికార్డులు 180 రోజులు దాచాలి. కంపెనీలు అమెరికా సంస్థకు చెప్పి ఊరుకుంటే చాలదని, పోక్సో చట్టం కింద ఇక్కడా తెలపాలని 2024 సెప్టెంబర్ 23న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చాలా అవసరమైన మాట అది.

వాట్సాప్‌లో మెసేజ్‌కు తాళం ఉంటుంది, కంపెనీకి కూడా చదవడం కుదరదు. కానీ నువ్వు రిపోర్ట్ నొక్కితే అవతలివాడు పంపిన చివరి అయిదు మెసేజ్‌లు కంపెనీకి చేరతాయి. అంటే అక్కడ దర్యాప్తుకు తొలి మెట్టు నువ్వే.

పద్దెనిమిదేళ్లలోపు వాళ్ల సొంత నగ్న ఫొటో బయటికి పోయిందన్న భయముంటే టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఉంది. హాష్ మీ ఫోన్‌లోనే తయారవుతుంది. ఫొటో ఫోన్ దాటదు, అంకెలు మాత్రమే పోతాయి. ఆ సేవలో చేరిన కంపెనీలు తమ దగ్గర ఆ ఫొటో ఉంటే తీసేస్తాయి.

పిల్లలూ, ఎవడైనా ఫొటో పేరుతో బెదిరిస్తే డబ్బులివ్వకండి. చాట్ చెరిపెయ్యకండి, వాడి ఐడీ, తేదీ, సమయం ఉంచండి. సాక్ష్యం కోసమని కూడా ఆ ఫొటోను ఇంకొకరికి పంపకండి, అదీ నేరం కావచ్చు. తప్పు మీది కాదు, బెదిరించినవాడిది. ఇంట్లో చెప్పండి. చెప్పలేకపోతే 1098కి గానీ, 1930కి గానీ ఫోన్ చెయ్యండి.