చెరిపినా మిగిలే జాడలు.. డిజిటల్‌ ఫోరెన్సిక్స్‌లో పీజీ
సాంకేతిక పరిజ్ఞానంతోపాటు చట్టం తెలిసినవారికే రాణింపు

హైదరాబాద్‌: పూర్వం దొంగతనం జరిగిన ఇంట వేలిముద్రల కోసం, అడుగుజాడల కోసం వెదికేవారు. నేడు అనేక నేరాల జాడలు సెల్‌ఫోన్‌లోనో, కంప్యూటర్‌ హార్డ్‌డిస్క్‌లోనో ఉంటున్నాయి. వాటిని వెలికితీసి, న్యాయస్థానం అంగీకరించే రీతిలో సమర్పించే శాస్త్రమే డిజిటల్‌ ఫోరెన్సిక్స్‌. కంప్యూటర్‌ సంబంధిత డిగ్రీ, ఇంజినీరింగ్‌ పూర్తిచేసిన వారికి ఇది పీజీ స్థాయిలో అందుబాటులో ఉంది. అయితే కంప్యూటర్‌పై మక్కువ ఒక్కటే ఇందుకు చాలదు.

సత్యం కేసు నేర్పిన పాఠం
సత్యం కంప్యూటర్స్‌ లెక్కల్లో అవకతవకలు జరిగాయని సంస్థ ఛైర్మన్‌ రామలింగరాజు 2009 జనవరి 7న లేఖ ద్వారా వెల్లడించారు. దర్యాప్తు చేపట్టిన సీబీఐ, సంస్థ కంప్యూటర్‌ వ్యవస్థను పరిశీలించి 7,561 బూటకపు ఇన్‌వాయిస్‌లు ఉన్నట్లు పేర్కొంది. ఇతర ఉద్యోగుల కంట పడకుండా వాటిని వ్యవస్థలోనే దాచి ఉంచారన్నది అభియోగం. 2015 ఏప్రిల్‌ 9న హైదరాబాద్‌లోని ప్రత్యేక న్యాయస్థానం పదిమందిని దోషులుగా నిర్ధారించింది. ఆ తీర్పుపై అప్పీళ్లు దాఖలయ్యాయి. కాగితాల లెక్కల్లో దొరకని గుట్టును కంప్యూటర్‌ పట్టి ఇవ్వగలదని ఈ కేసు చాటింది.

బోధించే అంశాలు
ఫైలును తొలగించగానే అది మాయం కాదు. సాధారణ హార్డ్‌డిస్క్‌లో దాని చిరునామా మాత్రమే చెరిగిపోతుంది. అదే చోట వేరొక సమాచారం చేరేవరకు అసలు సమాచారం మిగిలే ఉంటుంది. దానిని తిరిగి రాబట్టడం పాఠ్యాంశాల్లో ఒకటి. కొత్త తరం ఫోన్లలో సమాచారం సంకేత రూపంలో భద్రపరచి ఉండటంతో ఈ పని కఠినమైంది.

స్వాధీనం చేసుకున్న డిస్క్‌ను నేరుగా తెరవకూడదన్నది విద్యార్థి నేర్చుకునే తొలి సూత్రం. రైట్‌ బ్లాకర్‌ అనే పరికరం ద్వారా అందులో ఒక్క అక్షరమూ మారకుండా నకలు తీసి, ఆ నకలునే పరీక్షించాలి. అసలుకు, నకలుకు హ్యాష్‌ విలువ గణిస్తారు. ఇది ఆ సమాచారానికి వేలిముద్ర వంటిది. ఒక్క అక్షరం మారినా విలువ పూర్తిగా మారుతుంది. రెండూ సరిపోలితేనే నకలు నమ్మదగినదని రుజువవుతుంది. ఏ వస్తువు ఎప్పుడు ఎవరి చేతిలో ఉన్నదో రాసి ఉంచడమూ శిక్షణలో భాగమే.

చట్టంలో వచ్చిన మార్పు
ఎలక్ట్రానిక్‌ సాక్ష్యానికి ధ్రువపత్రం ఉండాలని 1872 నాటి సాక్ష్య చట్టంలోని 65-బి సెక్షన్‌ నిర్దేశించింది. అసలు పరికరాన్ని హాజరుపరచని సందర్భాల్లో ఇది తప్పనిసరి అని 2020లో అర్జున్‌ పండిత్‌రావు కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం అమల్లోకి వచ్చింది. దీని 63వ సెక్షన్‌ ప్రకారం ధ్రువపత్రంలో రెండు భాగాలుంటాయి. ఒకటి సాక్ష్యం సమర్పించే వ్యక్తి, రెండోది నిపుణుడు సంతకం చేయాలి. హ్యాష్‌ విలువనూ నమోదు చేయాలి. ఏడేళ్లు, అంతకుమించి శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్‌ నిపుణులు ఘటనాస్థలిని సందర్శించాలని భారతీయ నాగరిక్‌ సురక్షా సంహిత పేర్కొంది. దీని అమలుకు రాష్ట్రాలకు ఐదేళ్ల వరకు గడువు ఇచ్చింది. నిపుణుల అవసరం పెరగడానికి ఇవే ప్రధాన కారణాలు.

ఎక్కడ చదవవచ్చు
గుజరాత్‌లో 2009లో ఏర్పడిన ఫోరెన్సిక్‌ విశ్వవిద్యాలయం, 2020లో పార్లమెంటు చట్టంతో జాతీయ ఫోరెన్సిక్‌ సైన్సెస్‌ విశ్వవిద్యాలయంగా మారింది. గాంధీనగర్‌ కేంద్రంగా ఉన్న ఈ సంస్థ డిజిటల్‌ ఫోరెన్సిక్స్‌, సమాచార భద్రత అంశాల్లో రెండేళ్ల ఎమ్మెస్సీని అందిస్తోంది. ప్రవేశాలకు పరీక్ష రాయాల్సి ఉంటుంది. కేంద్ర ఫోరెన్సిక్‌ సైన్స్‌ ప్రయోగశాల హైదరాబాద్‌ రామంతాపూర్‌లోనే ఉంది. ప్రభుత్వ ప్రయోగశాలలతోపాటు బ్యాంకులు, ఆడిట్‌ సంస్థలకూ ఈ నిపుణులు అవసరం.

చేరేముందు తెలుసుకోవాలి
ఆకర్షణీయమైన పేరు చూసి ఫీజు చెల్లించడం తగదు. కోర్సుకు యూజీసీ గుర్తింపు ఉన్నదా, సొంత ప్రయోగశాల ఉన్నదా, కేసుల దర్యాప్తులో అనుభవం కలిగిన అధ్యాపకులు ఉన్నారా అన్నది విచారించాలి. నివేదికను స్పష్టంగా రాయడం, ప్రతివాది న్యాయవాది వేసే ప్రశ్నలకు తడబడక సమాధానం చెప్పడం అలవరచుకోవాలి. ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకున్న తెలుగు సందేశాల అంతరార్థం గ్రహించడంలో మన విద్యార్థులకు సహజంగానే అనుకూలత ఉంది.

ఈ వృత్తిలో ఏమరుపాటుకు తావు లేదు. నకలు తీయడంలో చిన్న పొరపాటు దొర్లినా దోషి తప్పించుకోవచ్చు. నివేదికలో తొందరపాటు వల్ల నిర్దోషి శిక్ష అనుభవించవచ్చు. ఆ బాధ్యతకు సిద్ధపడినవారే ఈ చదువును ఎంచుకోవడం మేలు.