చిట్టికి చెవి బిళ్ల ఏదమ్మా?

ఆదివారం మధ్యాహ్నం. అందరం భోజనాలకు కూర్చున్నాం. మావారికి ముద్దపప్పులో నెయ్యి వేస్తూ మెల్లగా విషయం బయటపెట్టాను. "చిట్టికి ఈసారి మంచి ఇన్సూరెన్సు చూసి చేయిద్దామండీ!"

అంతే! మావారు ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయారు. "మనిద్దరి పాలసీలు కట్టడానికే కిందా మీదా పడుతున్నాం. ఇప్పుడు కుక్కకి కూడానా? నలుగురూ వింటే నవ్విపోతారు" అన్నారు. మా పాప మాత్రం "అమ్మ కరెక్టే నాన్నా" అంటూ నా పక్షాన చేరింది. చిట్టి అంటే మా లాబ్రడార్. తన గురించే గొడవని తెలిసినట్టు బల్ల కింద పడుకుని చెవులు రిక్కించి వింటోంది.

ఇంతలో అత్తయ్య అందుకున్నారు. "నవ్వుతారెందుకురా? మన గేదెకి చేయించలేదూ? గుడివాడ దగ్గర మనూళ్లో ఉన్నప్పుడు పాడిగేదె చచ్చిపోతే ఆ డబ్బుతోనే కదా ఇంకోదాన్ని కొన్నాం! ఆ చెవి బిళ్ల పోకుండా దాచినందుకు వచ్చిందా డబ్బు. బిళ్ల లేకపోతే పైసా ఇచ్చేవాళ్లు కాదు. మరి మన చిట్టికి చెవి బిళ్ల ఏదమ్మా?"

అందరం ఘొల్లున నవ్వేశాం. కానీ ఆ తర్వాత తెలిసొచ్చింది, మాలో అసలైన ప్రశ్న అడిగింది ఆవిడేనని!

ఆ ఒక్కరోజు...

నాకీ పట్టుదల ఎందుకో చెప్పాలి. చిట్టి కంటే ముందు మాకు రాణి ఉండేది. ఆరేళ్ల కుక్క. ఒకసారి ఉన్నట్టుండి అన్నం మానేసింది. నీళ్లు మాత్రం గిన్నెలకు గిన్నెలు తాగేది. ఎండలకేమో అనుకున్నాం. రెండురోజులు చూసి డాక్టరు దగ్గరకు తీసుకెళ్తే 'పయోమెట్రా' అన్నారు. గర్భసంచిలో చీము పట్టడమట. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో, ఎదకు వచ్చి వెళ్లిన కొన్ని వారాల తర్వాత ఇది వస్తుందట. వెంటనే ఆపరేషన్ చేయాలి, ముప్పై వేలు దాటుతుంది అన్నారు.

అది నెలాఖరు. చేతిలో అంత డబ్బు లేదు. "రేపు సర్దుకుని వస్తాం డాక్టరుగారూ" అని ఇంటికి తెచ్చేశాం. తెల్లారేసరికి రాణి లేదు.

డబ్బు లేక కాదు, ఆ ఒక్కరోజు ఆలోచించినందుకు పోయింది. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే గొంతు పట్టేస్తుంది. అందుకే మూడునెలల చిట్టిని ఇంటికి తెచ్చుకున్నప్పుడే అనుకున్నాను, దీని విషయంలో అలా జరగకూడదని.

తొందరపడి తప్పు చేశా!

కానీ చెప్పొద్దూ, మొదటిసారి నేను చేసింది తెలివితక్కువ పనే. ఏది చవకో చూశాను, డబ్బు కట్టేశాను. పాలసీ కాగితాలు బీరువాలో చీరల కింద పెట్టి మర్చిపోయాను. కొన్ని నెలలకు చిట్టికి టిక్ ఫీవర్ వచ్చింది. పిడుదుల వల్ల వచ్చే జ్వరం. రక్తపరీక్షలు, సెలైన్లు, వారాల తరబడి మాత్రలు. బిల్లులన్నీ జాగ్రత్తగా పోగుచేసి పంపితే, 'మీ పాలసీలో వైద్యం ఖర్చులు లేవు' అని జవాబొచ్చింది.

కోపంతో ఊగిపోయాను. కాగితాలు బయటకు తీసి చదివితే ఏముందీ! మూడో పేజీలో శుభ్రంగా రాసే ఉంది. అది కుక్క చనిపోతే డబ్బిచ్చే పాలసీ. అచ్చం గేదె బీమాలాంటిదే! గేదె పోతే పాడి పోతుంది కాబట్టి ఆ డబ్బు ఆసరా. మన చిట్టి పోయాక డబ్బొస్తే ఏం చేసుకుంటాం? మనకు కావాల్సింది అది బతకడానికి సాయం. ఆ తేడా చూసుకోకపోవడం నా పొరపాటే.

నోటుబుక్కుతో కూర్చున్నా

మన దేశంలో కుక్కలకు బీమా కొత్తేమీ కాదు. ప్రభుత్వరంగ బీమా సంస్థలు పశువుల బీమాతోపాటు ఎప్పటినుంచో వీటికీ చేస్తున్నాయి. 2020లో బజాజ్ అలియాంజ్ కుక్కల కోసం ప్రత్యేక పాలసీ తెచ్చింది. తర్వాత మరికొన్ని ప్రైవేటు కంపెనీలూ వచ్చాయి. ఇక విదేశాల్లో అయితే చాలా పాత సంగతి. అమెరికాలో 1982లో టీవీ తార ల్యాసీ కుక్కకే తొలి పాలసీల్లో ఒకటి ఇచ్చారు.

రెండోసారి మాత్రం మూడు పాలసీల కాగితాలు ముందేసుకుని, నోటుబుక్కులో గళ్లు గీసి కూర్చున్నాను. కూరగాయల బేరం ఆడినట్టు ఒక్కో ప్రశ్నా రాసుకున్నాను.

దేనికి ఇస్తారు? మరణానికా, వైద్యానికా, ఆపరేషన్‌కా, కుక్క తప్పిపోతే లేదా దొంగలెత్తుకెళితేనా? ఒక్కోదానికి విడిగా డబ్బు కట్టాల్సి ఉంటుంది. అన్నీ కలిపే ఉన్నాయనుకోవద్దు. చాలాచోట్ల వైద్యం ఖర్చులు అదనంగా ఎంచుకోవాలి.

ఎప్పటినుంచి ఇస్తారు? ఈరోజు కట్టి రేపు జబ్బు చేసిందంటే కుదరదు. జబ్బులకు కొన్ని రోజుల వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. ఆ లోపల వస్తే ఖర్చు మనదే.

దేనికి ఇవ్వరు? అన్నిటికన్నా ముందు చదవాల్సింది ఇదే. పాలసీకి ముందే ఉన్న జబ్బులకు ఇవ్వరు. టీకాతో ఆపగలిగిన పార్వో, డిస్టెంపర్ లాంటివి టీకా వేయించకుండా వస్తే ఇవ్వరు. టీకాలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, స్నానాలు, తిండి ఖర్చు మామూలుగా మన జేబులోంచే. లాబ్రడార్లకు, జర్మన్ షెపర్డ్‌లకు తుంటి కీలు జబ్బు వంశపారంపర్యంగా వస్తుంటుంది. అలాంటివి ఇస్తారో లేదో జాతి పేరు చెప్పి మరీ అడగాలి.

ఎంతవరకు ఇస్తారు? పైన లక్ష అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. లోపల ఒక్కో జబ్బుకి విడిగా పరిమితి ఉంటుంది. ప్రతి బిల్లులో మన వాటా ఇంతని కొందరు కోస్తారు. లెక్కేసుకోవాల్సింది పైన కనిపించే అంకె కాదు, చివరికి చేతికొచ్చే అంకె.

ఎన్నేళ్లదాకా ఇస్తారు? పాలసీ చాలావరకు ఏడాదికే ఉంటుంది. మళ్లీ మళ్లీ రెన్యువల్ చేయించుకోవాలి. కుక్క ముసలిదయ్యాక చేర్చుకోరు. పెద్ద జాతి కుక్కలకు ఈ వయసు ఇంకా తక్కువ. అందుకే ఆలోచన ఉంటే చిన్నప్పుడే చేయించడం నయం.

ఎవరినైనా కరిస్తే? దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మన కుక్క వల్ల ఎదుటివారికి దెబ్బ తగిలితే ఇచ్చే పరిహారానికి కూడా కొన్ని పాలసీల్లో ఏర్పాటుంది. పెంపుడు జంతువు వల్ల ప్రమాదం జరగకుండా జాగ్రత్త తీసుకోకపోవడం నేరమే. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షన్ దీని గురించే.

అత్తయ్య ప్రశ్నకు జవాబు

ఇక చెవి బిళ్ల సంగతి! క్లెయిమ్‌కు వెళ్లినప్పుడు, బీమా చేసిన కుక్క ఇదేనని రుజువు చూపించాలి. నల్ల లాబ్రడార్లు పది నిలబెడితే మన చిట్టి ఏదో మనకు తెలుస్తుంది కానీ, కంపెనీవాళ్లకెలా తెలుస్తుంది? అందుకే ఫొటోలు, ఒంటిమీది గుర్తులు, లేదా మైక్రోచిప్ అడుగుతారు. బియ్యపుగింజంత చిప్. మెడ వెనక చర్మం కింద సూదితో పెడతారు. యంత్రం దగ్గర పెడితే నంబరు కనిపిస్తుంది. చిట్టికి పెట్టించాక అత్తయ్యకు చూపిస్తే, "ఇదా మీ పట్నం చెవి బిళ్ల!" అని ముచ్చటపడ్డారు.

కాగితాల విషయంలోనూ ఆవిడ మాటే విన్నాను. టీకా కార్డులో ప్రతిసారీ తేదీ, మందు స్టిక్కరు, డాక్టరు సంతకం ఉండేలా చూస్తాను. మొహమాటపడకుండా అడుగుతాను. బిల్లులు, చీటీలు, పరీక్షల రిపోర్టులు అన్నీ ఒకే ఫైల్లో. చీరల కింద మాత్రం పెట్టడం లేదు!

నల్లోడి మాటేమిటి?

మా గేటు దగ్గర నల్లోడని ఇంకొకడున్నాడు. వీధికుక్కే. మేమే పెంచాం. ఊరకుక్కలకు కూడా చేసే పాలసీలున్నాయి. కానీ వాడికి అప్పటికే తొమ్మిదేళ్లు. నేను చూసిన పాలసీల్లో ఎవరూ చేర్చుకోలేదు. ఏం చేయాలి? పోస్టాఫీసులో వాడి పేరు చెప్పుకుని నెలకు 500 రూపాయలతో రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టాను. ఏడాదికి 6,000. అయిదేళ్లకు వడ్డీ కాకుండానే 30,000. వయసు మీరిన కుక్కకు ఇదే బీమా అనుకోవచ్చు.

ఇంకోమాట. మాకు విజయవాడకు దగ్గర్లో గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. హైదరాబాద్‌వాళ్లకు రాజేంద్రనగర్‌లో ఉంది. తిరుపతిలోనూ ఉంది. అక్కడి ఆస్పత్రుల్లో కుక్కలకూ వైద్యం చేస్తారు. ఖర్చూ బాగా తక్కువ. మీ ఊరికి దగ్గర్లో ఏముందో ముందే కనుక్కుని పెట్టుకోండి. అర్ధరాత్రి వెతుక్కునే పరిస్థితి రాకూడదు. ఇక రాణికి వచ్చిన జబ్బు రాకుండా చిట్టికి చిన్నప్పుడే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేశాను. దానికి బీమా రాలేదు. అయినా అంతకు మించిన బీమా లేదనిపించింది.

మొక్కజొన్న కండె కథ

నిరుడు వానాకాలం. మా పాప మొక్కజొన్న పొత్తు తిని కండె పక్కన పెట్టింది. చిట్టి దాన్ని అమాంతం మింగేసింది! రెండురోజులు వాంతులు. ఎక్స్‌రేలో పేగుకు అడ్డంపడినట్టు తేలింది. కడుపు కోసి తీయాలన్నారు డాక్టరుగారు.

నేను మావారి ముఖంలోకి చూశాను. ఆయన ఎంతవుతుందని అడగలేదు. "వెంటనే చేసేయండి డాక్టరుగారూ" అన్నారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ముందు డబ్బు మేమే కట్టాం. ఇది బాగా గుర్తుంచుకోండి. చాలా పాలసీల్లో బిల్లు మనం కట్టాక, కాగితాలు పంపితే తర్వాత ఇస్తారు. అందుకే పాలసీ ఉన్నా చేతిలో కొంత డబ్బుండాల్సిందే. అవసరానికి అదే నల్లోడి డిపాజిట్ తీసి వాడుకున్నాం! కొన్ని వారాలకు కంపెనీ నుంచి డబ్బొచ్చింది. మా వాటా పోను మూడొంతుల్లో రెండొంతులు. వచ్చిన రోజే నల్లోడి పేర మళ్లీ డిపాజిట్ మొదలుపెట్టాను.

మొన్న ప్రీమియం కట్టే రోజు మావారే గుర్తుచేశారు. చిట్టి యథాప్రకారం బల్ల కింద పడుకుని ఉంది. దాని పొట్టమీద కుట్ల మచ్చ నిమురుతూ అత్తయ్య అన్నారు... "దీనికి చేయించాం సరే. ఆ గేటు దగ్గరవాడికి ఈపూట అన్నం పెట్టారా?"

గుర్తుంచుకోండి

* పాలసీ వైద్యానికా, మరణానికా అన్నది ముందు తేల్చుకోండి.
* 'ఇవ్వనివి' అని రాసిన పేజీ మొదట చదవండి.
* పాత జబ్బు ఏదైనా ఉంటే ప్రపోజల్ ఫారంలో దాచొద్దు. తర్వాత క్లెయిమ్ పోతుంది.
* జబ్బు చేయగానే, వీలైతే అదేరోజు కంపెనీకి తెలియజేయండి. ఎన్నిరోజుల్లో చెప్పాలో పాలసీలో ఉంటుంది.
* రెన్యువల్ తేదీని కేలండర్‌లో గుండ్రం చుట్టి ఉంచండి. గడువు దాటితే వెయిటింగ్ పీరియడ్ మళ్లీ మొదటికి రావచ్చు.
* కంపెనీ అన్యాయం చేసిందనిపిస్తే ముందు వారికే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. తెలుగు రాష్ట్రాల కోసం ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది.