భాగం 5: విడవని పాపపు అలవాట్లు – వాటిని అధిగమించే క్రమం

5.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• పాపానికి, పాపపు అలవాటుకు గల భేదాన్ని వివరించగలుగుతారు.
• తెలుగు క్రైస్తవ సంఘాలు ఈ సమస్యను ఎదుర్కొన్న తీరును తెలుసుకుంటారు.
• అలవాటును మానే క్రమాన్ని, వైద్య సహాయం అవసరమైన సందర్భాలను గుర్తించగలుగుతారు.

5.1 పరిచయం

నకిరేకల్‌లో ఒక రైస్ మిల్లు హమాలీని ఊహించుకోండి. ఆదివారం ఆరాధనలో కన్నీళ్లతో ప్రార్థిస్తాడు. సోమవారం సాయంత్రం కూలి డబ్బు చేతిలో పడగానే కాళ్లు కల్లు దుకాణం వైపే నడుస్తాయి. పదేళ్లుగా ఇదే వరస. చివరికి అతనికి ఒక సందేహం కలుగుతుంది: "నా మారుమనస్సు నిజమైనదేనా?" తాగుడుకు బదులు కోపం, అబద్ధం, జూదం, సెల్‌ఫోనులో అశ్లీల చిత్రాలు చూడడం, ఇలా ఏది పెట్టుకున్నా ప్రశ్న మారదు. ఈ సందేహానికి సరైన జవాబు దొరకక సంఘానికి దూరమైనవారు ఉన్నారు. అందువల్ల దీనిని జాగ్రత్తగా పరిశీలించాలి.

5.2 పాపం, అలవాటు

పాపం ఒక క్రియ. అలవాటు ఆ క్రియ తొక్కిన బాట. పొలం గట్టున రోజూ నడిస్తే గడ్డి చచ్చి దారి పడినట్లే, పదే పదే చేసిన పనికి మనసులో దారి ఏర్పడుతుంది. క్రీ.శ. 400 ప్రాంతంలో అగస్టీన్ తన 'కన్ఫెషన్స్' ఎనిమిదవ అధ్యాయంలో ఈ క్రమాన్ని వివరించాడు. వంకరపోయిన సంకల్పం కోరికను పుట్టిస్తుంది. ఆ కోరికకు లొంగితే అలవాటు ఏర్పడుతుంది. అలవాటును ఎదిరించకపోతే అది తప్పనిసరి అవసరంగా మారుతుంది. ఇవి ఒకదానికొకటి తగిలించిన గొలుసు లంకెల వంటివి.

రోమా పత్రిక ఏడవ అధ్యాయంలో మేలు చేయగోరి చేయలేకపోయే మనిషి పెనుగులాట కనిపిస్తుంది. ఆ మాటలు పౌలు మారకముందు స్థితిని చెబుతున్నాయా, తరువాతి స్థితినా అనే విషయంలో వ్యాఖ్యాతలు ఏకాభిప్రాయానికి రాలేదు. అయినా ఒక సంగతి స్పష్టం: పాపాన్ని అసహ్యించుకుంటూ దానితో పోరాడేవాడు, దానితో రాజీపడినవాడు ఒకటి కారు.

5.3 తెలుగు సంఘాల అనుభవం

ఒంగోలులో 1866 నుంచి పనిచేసిన జాన్ క్లౌ, ఆయనతో కలిసి నడిచిన ఎర్రగుంట్ల పేరయ్య కాలంలో, కొత్త విశ్వాసులకు మూడు నియమాలు పెట్టారు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువుల మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. ఇక్కడ మీరు రెండు విషయాలు గమనించాలి. మొదటిది, చచ్చిన పశువు మాంసం ఆకలి వల్ల, కులం అంటగట్టిన చాకిరీ వల్ల వచ్చిన తిండి. పేదరికం రుద్దినదాన్ని పాపంగా లెక్కించడం న్యాయం కాదు. రెండవది, వెట్టితో ముడిపడిన ఆ అలవాటును ఒంటరి మనిషి వదులుకోవడం కష్టం. పల్లెలోని కుటుంబాలు కలిసి నిలబడిన చోటనే మార్పు నిలిచింది.

నల్లగొండలో 1890లో అబ్రహాం ఫ్రీసెన్ బాప్టిస్టు మిషన్ పని ఆరంభించాడు. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య గ్రామ సంఘాలను పీడించే దయ్యాలుగా నాలుగింటిని పేర్కొన్నాడు: మురికి, రోగం, అప్పు, తాగుడు. తాగుడును అప్పు పక్కన పెట్టడంలో లోతైన అవగాహన ఉంది. అప్పు బాధ మరవడానికి తాగుతారు, తాగినందుకు మళ్లీ అప్పు చేస్తారు. ఒకదాన్ని వదిలి మరొకదాన్ని మాత్రమే పట్టుకుంటే పని జరగదు.

5.4 అధిగమించే క్రమం

(అ) సమయాన్ని, చోటును గుర్తించండి. శోధన ఎక్కువసార్లు ఒకే వేళకు, ఒకే దారిలో వస్తుంది. మన హమాలీ కూలి డబ్బును మిల్లు దగ్గరే భార్య చేతికి అందే ఏర్పాటు చేసుకుని, ఇంటికి వేరే దారిన వెళితే సగం పోరాటం తప్పుతుంది.

(ఆ) ఖాళీని నింపండి. ఎఫెసీ పత్రిక నాలుగవ అధ్యాయం దొంగిలించేవానికి దొంగతనం మానమని చెప్పి ఊరుకోదు. చేతులతో కష్టపడి, అక్కరలో ఉన్నవారికి పెట్టమంటుంది. విడిచిన పని స్థానంలో మరొక పని రాకపోతే పాతదే తిరిగి వస్తుంది.

(ఇ) నమ్మకమైన ఒకరి ఎదుట ఒప్పుకోండి. ఒకరితో ఒకరు పాపములు ఒప్పుకోవాలని యాకోబు పత్రిక బోధిస్తుంది. 1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ కూడా ఈ సూత్రాన్నే స్వీకరించింది. అయితే విన్నవారు గుట్టు కాపాడాలి. ఒప్పుకోలు ఊరి కబురైతే ఆ మనిషి మళ్లీ నోరు విప్పడు.

(ఈ) పడితే లేవండి. 2010లో లండన్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో కొత్త అలవాటు స్థిరపడడానికి సగటున 66 రోజులు పట్టింది. వ్యక్తిని బట్టి ఇది 18 నుంచి 254 రోజుల వరకు మారింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అప్పటి ప్రయత్నం వృథా కాలేదు. క్రైస్తవ బోధలో కృప అంటే ఇక్కడ అర్థమవుతుంది. అది పాపానికి అనుమతి కాదు, పడినవాడు తిరిగి లేవడానికి ఆధారం.

5.5 శరీరం బానిసైనప్పుడు

మన ప్రాంతంలో ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం. కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, ఆల్ప్రాజోలం వంటి మందులు కలుపుతారు. 2015లో కల్తీపై దాడులు జరిగి సరఫరా తగ్గినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో అనేకులు ఆస్పత్రుల పాలయ్యారు. ఇటువంటి కల్లును ఒక్కసారిగా మానితే చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, పిచ్చి చూపులు, ఫిట్స్ రావచ్చు. వీటిని విశ్వాస లోపమనో, దయ్యం పట్టిందనో భావించి ప్రార్థనతో సరిపెట్టడం ప్రమాదకరం. ప్రార్థన చేయండి, ఆస్పత్రికి కూడా తీసుకువెళ్లండి. వ్యసన విముక్తికి ప్రభుత్వ ఉచిత ఫోన్ నంబరు 14446.

5.6 సారాంశం

అలవాటు ఒక్క రోజులో ఏర్పడదు, ఒక్క తీర్మానంతో పోదు. సమయం, చోటు మార్చుకోవడం, ఖాళీని నింపడం, ఒప్పుకోలు, పడి లేవడం, అవసరమైతే వైద్యం, ఇవన్నీ కలిసి పనిచేయాలి. పోరాటం సాగుతున్నంత కాలం ఓటమి ఖాయమైనట్లు కాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. అజరయ్య తాగుడును, అప్పును కలిపి ఎందుకు చూశారు?
2. కల్తీ కల్లు మానేవారికి వైద్యం ఎందుకు అవసరం?
3. మీకు తెలిసిన ఒక అలవాటును తీసుకుని 5.4లోని క్రమాన్ని పది వాక్యాలలో అన్వయించండి. పేర్లు రాయవద్దు.