కఫ పరీక్షశాలలో బల్లల అమరిక

రాయపూర్ నగరమునకు ఆనుకొనియున్న బీర్‌గావ్ పట్టణమునకు ఉర్లా పారిశ్రామిక వాడ పొరుగు. ఆ ప్రాంతమున ఇనుము, ఉక్కు కర్మాగారములు పెక్కు గలవు. అట్టి చోట పనిచేయు కార్మికుడు రెండు వారములుగా దగ్గుచున్నను, అది ధూళి వలని దగ్గేయని ఊరకుండుట కలదు. అది క్షయయో కాదో తేల్చుటకు కఫమును పరీక్షింపవలెను.

1882లో రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని కనుగొనినట్లు ప్రకటించెను. నేడు ట్రూనాట్ వంటి యంత్రములు వచ్చినను సూక్ష్మదర్శిని పరీక్ష నిలిచియే యున్నది. దానికి పెద్ద భవనము అక్కరలేదు. ఒక గది, మంచి కిటికీ, మూడు బల్లలు, ఒక నీటితొట్టి చాలును. అయితే వానిని ఎచ్చట ఉంచిరను దానిపై పరీక్షకుని ఆరోగ్యమును, రోగికి అందు ఫలితమును ఆధారపడియున్నవి.

డబ్బా మూత తెరచి కఫమును గాజుపలకపై పూయునప్పుడు కంటికి కానరాని తుంపరలు లేవవచ్చును. కావున ఆ బల్ల కిటికీ చెంత నుండవలెను. గాలి పరీక్షకుని వీపు వైపునుండి వచ్చి, కఫము మీదుగా వెలుపలికి పోవలెను. ఎదురు తిరిగినచో తుంపరలు అతని ముఖమునకే వచ్చును. ఆ సమయమున పైకప్పు పంకాను ఆపవలెను. మే నెల ఎండలో ఇది కష్టమే, కాని తప్పదు. గదిలోని గాలి గంటకు 6 నుండి 12 మారులు మారవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో సూచించినది.

బీర్‌గావ్ వంటి ఊర ఇంకొక చిక్కు గలదు. గాలినిచ్చు కిటికీయే ధూళిని కూడ తెచ్చును. ధూళి కటకములను పాడుచేయును. అందులకై కిటికీని మూయరాదు. సూక్ష్మదర్శినిని కిటికీకిని, నీటితొట్టికిని దూరముగా, కదలని బల్లపై నుంచి, పని ముగిసిన వెంటనే కప్పవలెను. సెంట్రిఫ్యూజ్ యంత్రమును ఆ బల్లపై ఎన్నడు నుంచరాదు.

రంగులద్దు తొట్టి ఈ రెంటి నడుమ నుండును. అచ్చట మంట వెలిగింతురు గనుక స్పిరిటు సీసాకు వేరొక చోటు. ఆమ్లపు సీసాలకు కంటి ఎత్తునకు దిగువనున్న అర.

డబ్బాలు, పలకలు ఒకే దిశగా సాగవలెను. నమోదు పుస్తకము పూతబల్లపైకి రాకూడదు. సంఖ్యను డబ్బా మూతపై గాక డబ్బాపైననే వ్రాయవలెను. మూతలు తారుమారైనచో రోగి మందు లేక ఇంటికి మరలును. రోగము లేనివాడు ఆరు మాసములు మందు మ్రింగును.

కఫమిచ్చుటకు మాత్రము గదిలో తావు లేదు. దగ్గునప్పుడే తుంపరలు అధికముగా వెలువడును గనుక, రోగిని ఆరుబయట, ఇతరులకు దూరముగా నిలువుమందురు.